ఉన్నానన్న మాట

జూన్ 9, సోమవారం

ఇవాళ్టి నుంచి నేను జీతం తీసుకుని గెంతే మనిషిని. ఈ మాట అమ్మది. ఆరేళ్ళ పాటు "ఊరికే గెంతుతోంది" అనేది, ఇప్పుడు "జీతానికి గెంతుతోంది" అంటోంది. అమ్మ నోటి నుంచి ఇంతకంటే పెద్ద మెప్పు రాదు కాబట్టి దీన్నే భద్రంగా దాచుకుంటున్నాను.

మా నాట్య బృందం ఉండేది ఒక పాత గోదాము రెండో అంతస్తులో. కింద చెక్క సామాన్లకు పాలిష్ వేసే షాపు. మెట్లెక్కి పైకి వెళ్ళేసరికి ఆ వాసనకి సగం తల తిరుగుతుంది, మిగతా సగం మాస్టారు తిప్పుతారు. పొడవాటి హాలు, ఒక గోడంతా అద్దాలు, చివరి అద్దం మూల పగిలితే టేపు అంటించారు. నేల మీద నల్ల రబ్బరు పరుపు. నాతో కలిపి తొమ్మిది మందిమి. మాస్టారు నా పేరు కూడా అడగలేదు. "కొత్తమ్మాయీ, నువ్వు చివర నించో" అన్నారు. మూడు నెలలు పరీక్షాకాలం. సెప్టెంబరులో కొత్త ప్రదర్శన. ఆలోపు పనికొస్తానని తేలితే ఉంచుతారు, లేకపోతే నమస్కారం.

మా నాట్యం స్కూల్ నుంచి ఏటా ఒక్కరినే తీసుకుంటారు. ఈ ఏడు ఆ ఒక్కరూ నేనే. నలభై ఒక్క మందిలో.

ఆ చోటు నిజానికి నా స్నేహితురాలు గాలిదని అందరూ అంటారు. నేనూ అంటాను, కాదనడం లేదు. కానీ ఎంపికకి రెండు రోజుల ముందు, చివరి రిహార్సల్లో, అది తనంతట తాను తొందరపడి దూకింది. నేను మాట ఇవ్వకముందే దూకింది. పట్టుకునే వ్యవధే ఇవ్వలేదు. టీచరుగారూ అదే అన్నారు, డాక్టరుకీ అదే చెప్పారు. ఇందులో నేను చెయ్యగలిగింది ఏమీ లేదు.

మొదటి రోజునే ఇదంతా ఎందుకు రాశానో తెలియదు. కాళ్ళు పీకేస్తున్నాయి.

జూన్ 11, బుధవారం

ఇక్కడా అదే పద్ధతి. ఉంటుందని తెలుసు, మాస్టారు మా టీచరుగారి శిష్యుడే కదా. అయినా ఇవాళ హాల్లో ఆ మాట వినగానే వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది.

తెలిసిందే మళ్ళీ రాసుకుంటున్నాను, రాస్తే కాస్త నెమ్మదిస్తుందని. వెనక్కి పడేవాళ్ళకి వెనకేముందో కనపడదు. కింద పట్టేవాళ్ళు కాళ్ళు ఎడంగా పెట్టి నిలదొక్కుకుని, చేతులు చాచి, అంతా సిద్ధమయ్యాక "ఉన్నా" అనాలి. అది వినేదాకా పైనున్న మనిషి కదలకూడదు. విన్నాక ఆగకూడదు. దీన్ని మేము మాట ఇవ్వడం అంటాం. "ముందు మీ కాళ్ళు అనాలి, తర్వాతే మీ నోరు అనాలి" అని టీచరుగారు మొదటి ఏడాదంతా మా చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరారు.

ఆరేళ్ళూ గాలి పడింది, నేను పట్టాను. అది పైన, నేను కింద. అందుకే దాని పేరు గాలి, నా పేరు స్తంభం. "స్తంభానికి నడుమెక్కడుందే?" అని ఏడిపించేది. "గాలికి బుర్రెక్కడుందే?" అనేదాన్ని. ఆరేళ్ళలో ఆ మాట ఎన్ని వేలసార్లు అన్నానో. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఒక్కసారి కూడా.

ఇవాళ అన్నవాళ్ళు బారెడూ అక్కయ్యా. బారెడు చేతులు చాపితే ఈ కిటికీ నుంచి ఆ కిటికీ దాకా వస్తాడు, ఆ పేరు అందుకే. అక్కయ్య పదిహేడేళ్ళుగా బృందంలో ఉంది, మాస్టారితో సహా అందరికీ అక్కయ్యే. ఇద్దరూ పట్టే మనుషులే, నాలాగా. వాళ్ళ కాళ్ళ వైపు చూశాను. కాళ్ళే ముందు అన్నాయి.

జూన్ 12, గురువారం

పొద్దున్న తొమ్మిదింటికి మెట్ల మీద ఎవరో "ఉన్నా" అన్నారు. తిరిగి చూశాను, ఎవరూ లేరు. పాలిష్ షాపు ఇంకా తెరవనేలేదు.

జూన్ 17, మంగళవారం

కొత్త ప్రదర్శనలో నాకు భాగం ఇచ్చారు! రెండో వారంలోనే! ఎగిరి గంతేయాల్సినదాన్ని, ఏం భాగమో చెప్పేసరికి ఉన్నచోటే ఆగిపోయాను.

"నువ్వు బల్ల మీంచి వెనక్కి పడతావు," అన్నారు మాస్టారు.

"నేను పట్టే మనిషినండీ. ఆరేళ్ళూ పట్టడమే చేశాను."

"అందుకే. పట్టేవాళ్ళకి పడడం ఎలా ఉంటుందో తెలియాలి. ఎక్కు."

ఎక్కాను. బల్ల నా ఛాతీ ఎత్తు ఉంటుంది. వెనక బారెడు, అక్కయ్య. ఎదురుగా అద్దంలో నా ముఖం ఒక్కటే కనిపిస్తుంది, వాళ్ళిద్దరూ నా వెనక దాక్కుపోతారు. మడమలు అంచుకి తెచ్చాను. "ఉన్నా," అన్నారిద్దరూ ఒకేసారి. నేను కదల్లేదు. మళ్ళీ అన్నారు. కదల్లేదు. మూడోసారికి దిగి, కాలు బెణికిందన్నాను.

"ఏ కాలు?" అన్నాడు బారెడు.

"ఎడమ."

కుంటుకుంటూ పోయి గోడ పక్కన కూర్చున్నాను. అక్కయ్య నీళ్ళ సీసా అందిస్తూ మెల్లిగా అంది, "కుంటేటప్పుడు ఎడమకాలే కుంటాలమ్మా. నువ్వు కుడిది కుంటుతున్నావు."

అబద్ధం ఆడడం కూడా రాదు నాకు. అంటే, ఎప్పుడూ రాలేదు.

జూన్ 22, ఆదివారం

గాలి వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండదు కదా. కింద వాళ్ళ నాన్న కుట్టు షాపు, పైన ఇల్లు. ఆరేళ్ళూ మా ఇద్దరి ప్రాక్టీసు బట్టలు ఆయనే కుట్టారు. నేను బాబాయ్ అంటాను. నన్ను చూడగానే మిషను ఆపి, "వచ్చావా తల్లీ, వెళ్ళు, పొద్దుట్నుంచీ ఎదురుచూస్తోంది" అన్నారు.

గాలి తుంటి ఎముకలో కడ్డీ వేశారు. చేతికర్రతో నడుస్తోంది. ఇక నాట్యం లేదని డాక్టరు మేలోనే చెప్పేశాడు. దాన్ని గురించి గాలి ఏడవదు. నన్ను చూసి నవ్వింది కూడా. "ఏమే స్తంభం, జీతం తీసుకుంటే నడుమొచ్చిందా?" అంది.

నవ్వుకున్నాం. టీ తాగాం. ఉన్నట్టుండి తల పక్కకి వంచి, "ఇప్పుడు ఎవరన్నా పిలిచారా?" అంది.

"లేదే."

"నిజంగా?"

"కింద మిషను శబ్దం."

"అదేనా? సరే." టీ గ్లాసు కింద పెట్టి, "ఒకటి అడుగుతాను, విసుక్కోకు," అంది. ఏం అడుగుతుందో నాకు తెలుసు. ప్రతిసారీ అదే. "ఆ రోజు నువ్వేమీ అనలేదు కదా?"

"అనలేదు."

"నాకు మాత్రం వినిపించిందే. స్పష్టంగా. నీ గొంతే. నువ్వు అనలేదంటున్నావంటే అనలేదన్నట్టే. మరి నాకెలా వినిపించింది?"

"కంగారులో అలా అనిపిస్తుంది."

"నాకు కంగారెప్పుడుందే?" అంది. నిజమే, దానికి ఎప్పుడూ లేదు.

చెవుల డాక్టరుకి చూపిస్తున్నారట. గాజు గదిలో కూర్చోబెట్టి, చిన్న చిన్న శబ్దాలు వినిపించి, వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారట. "ప్రతిదానికీ నొక్కాను, కొన్ని వాళ్ళు వినిపించనివి కూడా నొక్కానేమో అని భయం" అంది. ఎప్పుడు ఏది నిజంగా వింటోందో, ఏది తన తల్లో పుడుతోందో దానికి తెలియడం లేదు.

వచ్చేశాను. పని ఉందని చెప్పాను. ఏ పనీ లేదు.

జూన్ 23, సోమవారం

అనలేదు. అనలేదు. అనలేదు.

జూన్ 27, శుక్రవారం

నాలుగు రోజులుగా రోజుకి పదిసార్లు ఆ బల్ల ఎక్కుతున్నాను, దిగుతున్నాను. జీతానికి గెంతే మనిషిని కాదు, జీతానికి బల్లెక్కి దిగే మనిషిని. బారెడు నవ్వు మానేశాడు. తన మాట మీద నాకు నమ్మకం లేదని అతని బాధ. ఎలా చెప్పను, అతని మాట అతనిది, నాకు వినబడేది వేరే.

రెండుసార్లు వినబడుతోంది. వాళ్ళు "ఉన్నా" అనేదానికి ఒక క్షణం ముందు ఇంకొకటి వస్తుంది. ఆడగొంతు. కాస్త ఎత్తుగా, ముక్కుతో, మాట చివర లాగుతూ. అది విని పడితే వెనక ఎవరూ ఉండరని నా ఒళ్ళంతటికీ తెలుసు.

ఆ గొంతు ఎవరిదో తెలియదు.

మాస్టారు పక్కకి పిలిచారు. "జూలై మూడో వారం దాకా చూస్తాను. పడలేని మనిషి నా దగ్గర పట్టడానికి కూడా పనికిరాదు. తర్వాత నీ ఇష్టం." కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

జూలై 3, గురువారం

సెప్టెంబరు ప్రదర్శనకి బట్టల కొలతలు తీసుకున్నారు ఇవాళ. దర్జీ ఎవరొస్తారో నేను ఆలోచించనే లేదు. బాబాయ్ వచ్చారు. బృందానికి ఏళ్ళ తరబడి ఆయనే కుడుతున్నారట.

నా వంతు వచ్చింది. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు, చిన్న పుస్తకం. భుజం, ఛాతీ, చెయ్యి. రాసుకుంటూ, మామూలుగా మాట్లాడినట్టే చెప్పారు:

"మొన్న మా అమ్మాయి రోడ్డు దాటుతోందమ్మా. లారీ హారన్ కొట్టాడు. ఆగలేదు. పక్కనున్నావిడెవరో చెయ్యి పట్టి లాగింది. ఏమిటే, వినబళ్ళేదా అంటే, 'వినబడింది నాన్నా, నిజం హారనో కాదో తెలీలేదు' అంటుంది. ఏం చెప్పను?"

పుస్తకంలో అంకె వేసుకున్నారు.

"చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడు డాక్టరు. ఆ మాటకి సంతోషించాలో ఏడవాలో తెలీలేదు. చెవుల్లో లేదంటే మరి తల్లో ఉన్నట్టే కదా. ఇంకో డాక్టరుకి చీటీ రాసిచ్చాడు. దానికి మాత్రం రానంటోంది." నడుము చుట్టూ టేపు తిప్పి ఆగారు. "ఊపిరి వదులమ్మా. బిగబట్టావు. ఇలా కొలిస్తే రేపు బట్ట పట్టదు."

వదల్లేకపోయాను. ఆయన టేపు పట్టుకుని ఓపిగ్గా నించున్నారు.

జూలై 4, శుక్రవారం

ఇవాళ పనికి వెళ్ళలేదు. జ్వరమని కబురు పంపాను. ఇప్పుడు రాస్తాను. ఒక్కసారి రాస్తాను.

ఆ రోజు నాలుగున్నరకి చివరి రిహార్సల్. మాస్టారు ఎంపికకని రెండు రోజులు ముందే వచ్చారని అందరికీ తెలుసు, హాల్లోకి వస్తారని ఎవరికీ తెలియదు. డప్పులు గట్టిగా మోగుతున్నాయి. గాలి దిమ్మ మీదకెక్కి నాకు వీపు పెట్టి నించుంది. నేను నా గుర్తు మీద ఉన్నాను. సరిగ్గా నా గుర్తు మీదే.

అప్పుడు పక్క తలుపు తెరుచుకుంది. మాస్టారు.

గాలి వెనకాల ఉన్నాను కదా, నేనెవరికీ కనపడను. పట్టేవాళ్ళు ఎప్పుడూ కనపడరు. ఆరేళ్ళుగా నాకది ఏమీ అనిపించలేదు. ఆ ఒక్క క్షణం అనిపించింది. ముఖం కనపడాలని గుర్తు దాటి పక్కకి ఒక అడుగు వేశాను. వీపు నిటారు చేశాను. పొట్ట లోపలికి పీల్చాను. గడ్డం ఎత్తాను. డప్పు ఏడో దెబ్బ దగ్గర రోజూ అనే మాట రోజూలాగే నోట్లోంచి వచ్చేసింది. "ఉన్నా."

లేను. నా కాళ్ళు ఇంకో చోట ఉన్నాయి.

విన్నాక ఆగకూడదు. అది ఆగలేదు.

టీచరుగారు పరుగెత్తుకొచ్చి మొదట దాని దగ్గర కూర్చున్నారు. తర్వాత నన్ను చూసి, "మాట ఇచ్చావా?" అన్నారు. డప్పుల్లో ఎవరికీ వినపడలేదు. దానికి తప్ప. అది అప్పటికి స్పృహలో లేదు. "లేదండీ" అన్నాను. ఆలోచించి అనలేదు. కానీ మర్నాడు ఆలోచించాను, ఆలోచించి మళ్ళీ అదే అన్నాను. ఆ మర్నాడు ఎంపిక జరిగింది.

ఆ గొంతు ఎవరిదో నాకు మొదట్నుంచీ తెలుసు. ముక్కుతో మాట్లాడతావని గాలి వెక్కిరించేది నన్నే.

జూలై 5, శనివారం

నిన్న రాసిన పేజీ చింపేయాలి.

జూలై 8, మంగళవారం

చింపలేదు.

అమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేస్తుంది, తెల్లారకుండానే లేస్తుంది. ఇవాళ టీ ఇస్తూ అంది, "నిద్రలో ఎవరికి హాజరు చెప్తున్నావే? ఉన్నా, ఉన్నా అని. స్కూలు అయిపోయింది కదా." తన హాస్యానికి తనే నవ్వుకుంది. నేను నవ్వకపోయేసరికి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

చెబుదామనుకున్నాను. అమ్మకి చెబితే ఏమంటుందో కూడా తెలుసు. "ఇప్పుడు చెబితే దాని కాలొస్తుందా?" అంటుంది. రాదు. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నదీ అదే. చెబితే నా పని పోతుంది. ఊరికే పోదు, ఎక్కడా దొరకదు. లేకుండా ఉన్నానన్న మనిషి ముందు ఎవరు వీపు పెట్టి నించుంటారు? నేనైతే నించోను. ఆరేళ్ళూ పోతాయి. అమ్మ ఆరేళ్ళ చాకిరీ కూడా పోతుంది. దాని కాలు మాత్రం రాదు.

ఈ లెక్క బాగానే కుదిరేది. బాబాయ్ ఆ లారీ సంగతి చెప్పకుండా ఉంటే.

జూలై 13, ఆదివారం

చెప్పేశాను.

వెళ్ళేసరికి గాలి కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. కింద మిషను ఆడుతోంది. దారంతా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూ వెళ్ళాను, తీరా వెళ్ళాక కూర్చోకుండానే అనేశాను.

"ఆ రోజు అన్నాను."

"ఏం అన్నావు?"

"ఉన్నా అని. నేను అన్నాను. నీకు వినిపించింది నిజమే. నేను గుర్తు మీద లేను. మాస్టారు వచ్చారని పక్కకి జరిగాను, నోటికి అలవాటై అనేశాను. తర్వాత అనలేదని చెప్పాను. టీచరుగారికీ, నీకూ."

గాలి తిడుతుందనుకున్నాను, కర్ర విసురుతుందనుకున్నాను. "మళ్ళీ చెప్పు," అంది.

చెప్పాను.

"ఇంకోసారి."

చెప్పాను. నాలుగుసార్లు చెప్పించింది. మధ్యలో ఎక్కడైనా మాట మారుతుందేమో అన్నట్టు నా నోటివైపే చూసింది. తర్వాత కర్ర పట్టుకుని లేచి, మెట్ల దగ్గరికి వెళ్ళి అరిచింది, "నాన్నా! మిషను ఆపు! ఒక్క నిమిషం ఆపు!"

మిషను ఆగింది.

"ఆ గుమ్మం దగ్గరికెళ్ళు," అంది నాతో. వెళ్ళాను. అది కిటికీ వైపు తిరిగి, నాకు వీపు పెట్టి, కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుని నించుంది. "ఇప్పుడు అను."

"గాలీ, వద్దే."

"అను. నేనేం పడను. వినాలి. అంతే."

రెండుసార్లు ప్రయత్నించాక వచ్చింది. "ఉన్నా."

అది కదల్లేదు. భుజాలు మాత్రం అదురుతున్నాయి, ఏడుస్తోందనుకున్నాను. ఇటు తిరిగాక చూస్తే ఏడుస్తూనే నవ్వుతోంది.

"ఇదే," అంది. "ఇదేనే. చివర ఇలాగే లాగావు. ఇదే విన్నాను నేను." మళ్ళీ మెట్ల వైపు అరిచింది, "నాన్నా, నా చెవులు బాగానే ఉన్నాయి! నాకు పిచ్చి లేదు! అది అంది నాన్నా, నిజంగానే అంది!"

బాబాయ్ మెట్ల మీద నించుని ఉన్నారు. ఎంతవరకు విన్నారో తెలియదు. టేపు మెడలోనే ఉంది. నా వైపు ఒకసారి చూసి, కూతురి దగ్గరికి వెళ్ళి దాని తల పట్టుకున్నారు.

నేనూ ఏడ్చాను. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. గాలి చెయ్యి అడ్డంపెట్టింది.

"నాలుగు నెలలు," అంది. "వంటింట్లో గ్లాసు పడితే, పడిందా అని వెళ్ళి చూసుకునేదాన్ని. నాన్న పిలిస్తే రెండోసారి పిలిచేదాకా పలికేదాన్ని కాదు. కాలు పోయినందుకు కాదే. కాళ్ళు అందరికీ విరుగుతాయి, మనకి మరీనూ. ప్రతి ఆదివారం నా ఎదురుగా కూర్చుని టీ తాగావు చూడు."

"గాలీ..."

"ఇవాళ నాకు సంతోషంగా ఉంది. చాలా. కోపం రేపటి నుంచి వస్తుంది. అది వచ్చేలోపు వెళ్ళిపో. మళ్ళీ రాకు."

వచ్చేశాను. మెట్లు దిగుతుంటే పైనుంచి దాని గొంతు వినిపిస్తూనే ఉంది, వాళ్ళ నాన్నకి మొదట్నుంచి మళ్ళీ చెబుతోంది.

జూలై 14, సోమవారం

ముందు స్కూలుకి వెళ్ళి టీచరుగారికి చెప్పాను. ఆవిడ కూర్చోమనలేదు. "నేను నిన్ను ఒక్కసారే అడిగాను. రెండోసారి అడగాల్సింది" అన్నారు. అంతే.

తర్వాత బృందానికి వెళ్ళి మాస్టారికి చెప్పాను. పూర్తిగా విన్నారు.

"నాకు కనపడాలని జరిగావా?"

"అవునండీ."

"నేను నిన్ను చూడనేలేదమ్మా," అన్నారు. "లోపలికొచ్చినప్పటి నుంచీ ఆ అమ్మాయినే చూస్తున్నాను. ఎంపిక రోజునే మొదటిసారి చూశాను నిన్ను."

నిర్ణయం తనది కాదన్నారు. నాతో కలిసి పనిచెయ్యాల్సింది మిగతా వాళ్ళు, వాళ్ళకి చెప్పు, వాళ్ళు తేలుస్తారు అన్నారు. ఎనిమిది మంది ముందూ నించుని చెప్పాను. ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పానో, ఒక్కసారి కూడా తేలిక కాలేదు. బారెడు మధ్యలోనే లేచి బయటికి వెళ్ళిపోయాడు.

జూలై 16, బుధవారం

నిన్నంతా ఇంట్లో కూర్చున్నాను. అమ్మకి చెప్పాను. నేననుకున్న మాట అనలేదు. "వాళ్ళ నాన్న ముందు నేనెలా నడవాలే ఆ వీధిలో?" అంది. తర్వాత ఆసుపత్రికి వెళ్ళిపోయింది, టీ పెట్టకుండా.

ఇవాళ పొద్దున్న రమ్మని కబురొచ్చింది. వెళ్ళాను. సామాను సర్దుకోమంటారని సంచీ కూడా తీసుకెళ్ళాను.

అక్కయ్య మాట్లాడింది, అందరి తరఫునా. "నిన్ను పంపెయ్యాలని నలుగురం అన్నాం. ఉంచుదామని నలుగురు. నేను పంపెయ్యమన్నదాన్నే, తెలిసుండడం మంచిది. మాస్టారు ఉంచుదామన్నారు. కాబట్టి ఉండు. కానీ ఈ హాల్లో నువ్వు ఎవర్నీ పట్టవు. ఎప్పటికీ. ఆ మాట నీ నోట రాకూడదు. పడ్డం ఒక్కటే నీ పని. ఇష్టమైతే ఎక్కు, లేకపోతే వెళ్ళు."

స్తంభాన్ని నేను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. ఆరేళ్ళు నేర్చుకున్నది అక్కడే తీసేసుకున్నారు, న్యాయంగానే తీసుకున్నారు. సంచీ గోడ దగ్గర పెట్టి బల్ల ఎక్కాను.

వెనక బారెడు, అక్కయ్య. అడుగుల చప్పుడు, రబ్బరు మీద మడమలు ఆనుకున్న చప్పుడు. నా గొంతు ముందుగా వచ్చింది, ఎప్పటిలాగే, ముక్కుతో, చివర లాగుతూ. అది ఇక పోదనుకుంటాను. అది అయిపోయేదాకా ఆగాను. ఆ తర్వాత వాళ్ళిద్దరూ అన్నారు.

పడ్డాను.

పట్టుకున్నారు. మెడ కింద అక్కయ్య చెయ్యి, నడుము కింద బారెడు చేతులు. అక్కయ్య ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది, నన్ను చూడడం ఇష్టం లేక అద్దం వైపు చూస్తోంది. చేతులు మాత్రం ఉండాల్సిన చోటి నుంచి ఒక్క అంగుళం కదల్లేదు.

నన్ను నేల మీద నిలబెట్టి, ఇద్దరూ నీళ్ళు తాగడానికి వెళ్ళారు.